మూడో కన్నం

అనకాపల్లి, గవరపాలెం
నవంబరు మొదటి వారం

రాజశ్రీకి,

చాలా ఏళ్ళ కిందట ఒక మనిషి నా పెరట్లో నిలబడి నాకు మాటిచ్చాడు. "ఈ వారంలో ఎర్తింగు గొయ్యి తవ్వించేస్తాను, నువ్వు నిశ్చింతగా డ్యూటీకి పో" అన్నాడు. నేను నిశ్చింతగా డ్యూటీకి పోయాను. ఆ గొయ్యి తవ్వలేదు. ఆ మనిషి ఎవరని అడక్కు. నీకు కావలసింది పని, పేరు కాదు.

క్షేమమా అని కూడా నిన్ను అడగను. కుళాయి ముట్టుకుంటే షాకు కొట్టే ఇంట్లో ఉన్నవాళ్ళు క్షేమంగా ఉన్నారని ఎలా అనుకోను?

మీ అమ్మ దగ్గర నా చిరునామా పట్టుకుని రాశానన్నావు. మీ మేనత్త వరహాలక్ష్మి, అంటే నా భార్య, పోయిన తరవాత నేను దేవరాపల్లిలో మీ గడప తొక్కలేదు. నువ్వప్పటికి పుట్టనే లేదు. అయినా ముక్కూ మొహం తెలియని మావయ్యకి రాశావు. ధైర్యం ఉన్నదానివే. ఫోను చెయ్యకపోవడం ఇంకా తెలివైన పని. షుగర్ ఫ్యాక్టరీ బాయిలర్ హౌసులో ఆవిరి అరుపుల మధ్య అరిగిపోయిన చెవులివి. ఫోనులో నాకు దోమ పాట తప్ప ఏమీ వినపడదు.

విషయానికొస్తాను. అచ్యుతాపురంలో నువ్వూ, నీతోపాటు మందుల కంపెనీలో పనిచేసే ఆడపిల్లలూ అద్దెకుంటున్న వాటాలో గీజరు వేస్తే కుళాయి జివ్వుమంటోంది. ఇంటాయన సింహాచలం చెక్క పీట మీద నిలబడి స్నానం చెయ్యమన్నాడు. మీ నాన్న కూడా ప్రస్తుతానికి అలాగే సర్దుకోమన్నాడు. నీ స్నేహితురాలు శ్రీదేవి రబ్బరు చెప్పులతో స్నానం చేస్తోంది.

మన వైపు ఇదొక సంప్రదాయమైపోయింది. ఫ్రిజ్జు జివ్వుమంటే ముందు గోనె పరుస్తారు. గ్రైండరు జివ్వుమంటే చెప్పులు వేసుకుని పిండి రుబ్బుతారు. ఇంట్లోకి పులి వస్తే దాన్ని తరమడం మానేసి, మనం అటక మీద కాపురం పెట్టుకున్నట్టు. పైగా కొత్తకోడలికి జాగ్రత్తలు చెబుతారు: ఈ స్విచ్చి కుడి చేత్తో వెయ్యకమ్మా, ఆ కుళాయి తడి చేత్తో ముట్టుకోకమ్మా అని. స్నానాల గదిలో పొడి చేతులు ఎక్కడినుంచి తేవాలి?

పొగ ఉంటే నిప్పుంటుందన్నది తర్కంలో మొదటి పాఠం. జివ్వుమంటే లోపల కరెంటు దారి తప్పిందన్నమాట. మీది బోరు నీళ్ళు. ఉప్పు పేరుకుని కాయిల్ పగిలి ఉంటుంది. ముందు గీజరు లైనుకి మెయిన్ దించెయ్. ఎలక్ట్రీషియన్ని పిలిచి, ఆ లైను అతన్నే వేసి గీజరు ఒంటికి టెస్టరు పెట్టి చూడమను. ఆ తరవాత కరెంటు పూర్తిగా తీసేసి, గీజరు ప్లగ్గు గుచ్చే సాకెట్టు విప్పించు. దానికి మూడు కన్నాలుంటాయి. పైనున్న లావు కన్నం ఎర్తుది. దాని వెనక పచ్చ వైరు ఉందో లేదో నువ్వే చూడు. ఉంది అని ఎవరు చెప్పినా నమ్మకు. కళ్ళతో చూసి నాకు రాయి.

గంగాధరం


అచ్యుతాపురం
నవంబరు మూడో వారం

మావయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం మా వాటాలో అందరం చదివేం. పులి, అటక దగ్గర శ్రీదేవి పడి పడి నవ్వింది. చెప్పులేసుకుని స్నానం చేసేది తనే మరి.

ఎలక్ట్రీషియన్ నానాజీని పిలిచేను. టెస్టరు పెట్టగానే చిన్న దీపంలా వెలిగింది. "లీకుందండి" అన్నాడు. సింహాచలం అంకుల్ వెనకే నిలబడి, "టెస్టరు అలాగే ఎలుగుద్దిలేమ్మా, దానికేటి తెలుసు" అన్నారు. అయినా నానాజీ గీజరు దించేడు. మీరు చెప్పినట్టే కాయిల్ మీద సున్నంలా ఉప్పు పేరుకుని, పక్కన పగిలి ఉంది. కొత్త కాయిల్ వేసేడు. ఇప్పుడు జివ్వుమనడం లేదు.

సాకెట్టు కూడా విప్పించేను. అంకుల్ "అంతా బాగుంటే అదెందుకమ్మా" అని గోల పెట్టేరు. నేను వినలేదు. మావయ్యా, మూడో కన్నం వెనక ఏమీ లేదు. వైరు ముక్క కూడా లేదు. ఖాళీ! మిగతా సాకెట్టులు కూడా అంతేనట. ఇంటికి అసలు ఎర్తింగే లేదు. "ఇక్కడ కట్టినవి సగం ఇల్లులు ఇంతేనండి" అన్నాడు నానాజీ చాలా మామూలుగా.

షాకు ఆగిపోయింది కదా, ఇంక ఫరవాలేదు కదా? అంకుల్ అయితే పని అయిపోయిందని చేతులు దులిపేసుకున్నారు.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పేను. మీకు ఉత్తరం రాసేనంటే "గంగాధరం బావకా? ఏటన్నాడు?" అని అడిగేరు. మూడో కన్నం సంగతి చెప్పేసరికి, వైరు లేదని నువ్వే చూసేవా అని రెండుసార్లు అడిగేరు. ఆ తరవాత "ఆయన సెప్పినట్టు సెయ్యమ్మా" అని పెట్టేసేరు.

మీ మేనకోడలు
రాజశ్రీ


అనకాపల్లి
నవంబరు నెలాఖరు

రాజశ్రీకి,

షాకు ఆగింది. చావు ఆగలేదు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళే ఈ దేశంలో ఇళ్ళు కడుతున్నారు.

కొత్త కాయిల్ కూడా అదే ఉప్పు నీళ్ళలో మునుగుతుంది. అది పగిలిన రోజున కరెంటు దారి వెతుక్కుంటుంది. ఎర్తు వైరు ఉంటే దాని వెంట నేలలోకి పోతుంది. లేకపోతే తడి ఒంటితో కుళాయి పట్టుకున్న మనిషి వెంట పోతుంది. అంత చిన్న విషయం. దీని గురించి పెద్ద పుస్తకాల్లో చాలా పేజీలు రాశారు, అవీ చదివాను. సారం ఇంతే.

ఖాళీ కన్నం అని నవ్వుతూ రాసినట్టున్నావు. నేను నవ్వలేదు. అసలు కన్నమే లేకపోతే మనిషి భయపడతాడు, జాగ్రత్తపడతాడు. వెనక వైరు లేని కన్నం ధైర్యం చెబుతుంది. అది అబద్ధం ఆడే కన్నం.

మీ మేనత్త ఎలా పోయిందో మీ ఇంట్లో నీకు చెప్పారో లేదో. గుండె ఆగిపోయిందని చెప్పి ఉంటారు. గుండె ఆగింది నిజమే. నీళ్ళ బకెట్టులో హీటరు కడ్డీ పెట్టింది. ఆ కడ్డీకి మూడు కాళ్ళ ప్లగ్గు. నా ఇంటి సాకెట్టుకి మూడు కన్నాలు. నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూసింది. అంతే. అప్పటికి కడుపుతో ఉంది. నేను ఫ్యాక్టరీలో ఉన్నాను, చెరకు ఆడే సీజను. తరవాత సాకెట్టు విప్పి చూస్తే నీకు కనిపించినదే నాకూ కనిపించింది. వైరింగు చేసినవాడు ఎర్తు వైరూ లాగలేదు, గొయ్యీ తవ్వలేదు. మాట మాత్రం ఇచ్చాడు.

కాబట్టి ఇంటి పెరట్లో గొయ్యి తవ్వాలి. నిలువెత్తు గొయ్యి. అందులో ఇనప గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పోసి, అక్కడినుంచి పచ్చ వైరు ప్రతి సాకెట్టుకీ లాగాలి. బోర్డు దగ్గర షాకు తగలగానే లైను తెంపేసే బ్రేకరు పెట్టించాలి. ఇవి రెండూ అయ్యేదాకా ఆ గీజరు స్విచ్చి మీద చెయ్యి పడకూడదు.

మరి చలికాలం స్నానాలు ఎలాగంటావు. నా రాగి బాయిలరు పంపిస్తున్నాను, బస్సు కార్గోలో వస్తుంది. వరహాలక్ష్మి పోయాక నా ఇంట్లో నీళ్ళు కాచింది ఇదొక్కటే. మధ్య గొట్టంలో కొబ్బరి డొక్కలూ బొగ్గులూ వేసి రాజెయ్యండి. పైనుంచి చెంబుడు చన్నీళ్ళు పోస్తే కింద కుళాయిలోంచి చెంబుడు వేణ్ణీళ్ళు వస్తాయి. పెరట్లోనే వెలిగించండి. గదిలోకి తెచ్చారా, ఆ బొగ్గు గాలి షాకుకన్నా నెమ్మదిగా, అంతే గట్టిగా చంపుతుంది.

ఇంటాయన వద్దంటే నా పేరు చెప్పు. నా పేరు తెలియదంటే, త్వరలో తెలుస్తుందని చెప్పు.

గంగాధరం


అచ్యుతాపురం
డిసెంబరు రెండో వారం

మావయ్య గారికి,

అత్త గుండెనొప్పితో పోయిందనే నాకు చెప్పేరు. మీ ఉత్తరం చదివిన వెంటనే వెళ్ళి గీజరు ప్లగ్గు పీకేసేను.

బాయిలరు వచ్చింది. దాన్ని చూసి మా వాటాలో పిల్లలు ముందు గుళ్ళో హుండీ అనుకున్నారు. చింతపండు పెట్టి తోమితే మెరిసిపోతోంది. పొద్దున్నే కంపెనీ బస్సు టైముకి పెరట్లో బకెట్లు పట్టుకుని లైను కడుతున్నాం. మొదటి రోజు శ్రీదేవి తడి డొక్కలు వేసి వీధంతా పొగ పెట్టింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏటి సింహాచలం బావా, అద్దెలు తీసుకుని ఆడపిల్లల్ని పొయ్యిల కాడ కూకోబెట్టేవేటి?" అంది. అంకుల్ మొహం చూడాలి మీరు!

గొయ్యి గురించి అడిగేం. చెయ్యి అడ్డంగా ఊపేసేరు. "మా కోడలు నీళ్ళోసుకుందమ్మా. కడుపుతో ఉన్న మనిసుంటే ఇంట్లో గొయ్యి తవ్వకూడదు. పురుడయ్యేక సూద్దాం" అన్నారు. "అప్పటిదాకా మాకేమైనా అయితే?" అన్నాను. "పీటుంది కదా. నచ్చకపోతే కాళీ సేసెయ్యండి. ఈ ఊళ్ళో రూములకి మనుసులు లేరా?" అన్నారు. నేను ఖాళీ చెయ్యనన్నాను. మేం వెళ్ళిపోతే మా తరవాత వచ్చే పిల్లలు కూడా ఆ కుళాయే కదా పట్టుకుంటారు.

గట్టిగా అనేసి వచ్చేను గానీ చేతులు వణికేయి. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని మొన్న మళ్ళీ చెప్పేరు.

మీకు మాటిచ్చిన ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు? బతికే ఉన్నాడా?

రాజశ్రీ


అనకాపల్లి
డిసెంబరు మూడో వారం

రాజశ్రీకి,

బతికే ఉన్నాడు. హాయిగా చెరకు పండించుకుంటున్నాడు. మళ్ళీ అడక్కు.

ఖాళీ చెయ్యనన్నావు చూడు, అక్కడ నాకు నచ్చావు. చేతులు వణికితే వణకనీ. నాకు ఇప్పుడు పెన్ను పట్టుకున్నా వణుకుతాయి. అయినా నిన్న పక్కింటివాళ్ళ మిక్సీ విప్పి బాగు చేశాను. ఈ వయసులో నీకెందుకు కరెంటు పనులు అంటారందరూ. ఈ వయసులో కాక, ఇంకెవరి వయసు పణంగా పెట్టాలి?

ఆ ఆచారం నాకు కొత్త కాదు. మా అమ్మ అప్పలకొండమ్మ అలాంటివి లెక్కలేనన్ని పాటించేది. ఇంట్లో గర్భిణి ఉంటే గుమ్మడికాయ కొయ్యకూడదు, గోడకి మేకు కొట్టకూడదు, గొయ్యి తవ్వకూడదు. ఎందుకు పుట్టిందో ఎవరికీ తెలియదు. బహుశా పెరట్లో తెరిచిపెట్టిన గోతిలో ఎప్పుడో ఒక నిండు చూలాలు పడి ఉంటుంది. భయం మిగిలింది, కారణం పోయింది. మనుషుల చరిత్ర చాలా మటుకు ఇదే.

ఒక్క సంగతి నువ్వు గమనించినట్టు లేదు. గర్భిణి పేరు చెప్పి గొయ్యి ఆపుతున్నది మావగారు. ఆ గర్భిణిని ఎవరైనా అడిగారా? నువ్వు అడిగావా? ఆ అమ్మాయి స్నానం చేసేది ఏ లైను మీద? ఇంటాయనతో వాదన కట్టిపెట్టి ఆమె దగ్గరికి పో.

గంగాధరం


అచ్యుతాపురం
జనవరి మొదటి వారం

మావయ్యా,

చాలా రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. గొయ్యి తవ్వేసేరు, వైర్లు లాగి బ్రేకరు కూడా పెట్టేసేరు. ముందు అది చెప్పేస్తే నా మనసు కుదుటపడుతుంది.

మీరు చెప్పినట్టే సింహాచలం అంకుల్ కోడలు సుప్రియ దగ్గరకి వెళ్ళేను. అంతా విని, "నా కడుపు గురించి మావయ్యగారిని అడిగేరు గానీ, నన్నడగలేదేటి మీరు?" అంది. లేచి నేరుగా వరండాలోకి నడిచింది. అంకుల్ పేపరు చదువుకుంటున్నారు.

"మావయ్యా, ఆళ్ళ వాటాకీ మనకీ లైను ఒకటేనా?"

"ఒకటే."

"మన గీజరుకీ ఎర్తు లేదన్నమాట."

"పీటుంది కదమ్మా."

"ఈ పొట్టతో తడి పీట మీంచి జారితే ఆ దోసం ఎవరిది?"

అంకుల్ పేపరు మడిచేరు. "పెద్దలు పెట్టింది కాదనకూడదమ్మా" అన్నారు.

"గొయ్యి తవ్వితే దోసమైతే ఆ దోసం నాకు. నేను మోత్తాను. మనిసిని పిలవండి. లేదంటే గునపం నాకియ్యండి" అంది. మావయ్యా, మీరు అక్కడ ఉండాల్సింది! అంకుల్ మనిషిని పిలిచేరు. మమ్మల్ని ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సంగతి ఫోన్లో చెబితే నాన్న దేవరాపల్లి నుంచి బస్సెక్కి వచ్చేసేరు. ఎందుకొచ్చేరో చెప్పలేదు. నానాజీ వైరుని గొట్టానికి మెలితిప్పి చుడుతున్నాడు. నాన్న "ఆగు తమ్ముడూ" అని గోతిలోకి దిగేరు. నానాజీ చేతిలో పటకారు తీసుకుని, గొట్టం మీద తుప్పు గీకి, క్లాంపు పెట్టి నట్టు బిగించేరు. నాన్నకి చెరకు తోట తప్ప ఏ పనీ రాదని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

"ఈ పని మీకెలా వచ్చు నాన్నా?" అన్నాను.

మట్టి కుప్ప మీద కూర్చుని చెప్పేరు. మీ ఇంటికి వైరింగు చేసింది తనేనట. అక్క పోయేక మళ్ళీ పటకారు ముట్టుకోలేదట. నాన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను:

"గొట్టం, ఉప్పు, బొగ్గు సైకిలు మీద కట్టుకుని అనకాపల్లి ఎల్లేను. బావ డ్యూటీలో ఉన్నాడు. అప్పలకొండమ్మత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. 'ఇంట్లో మనిసి కడుపుతో ఉంటే గొయ్యేట్రా? పురుడయ్యేక తవ్వుకో. మావోడికి సెప్పకు. ఆడు నా మాటినడు, పంతానికి తవ్వేత్తాడు' అంది. అక్కకి అత్తగారు. నేనెదురు సెప్పలేకపోయేను. గొట్టం మళ్ళీ సైకిలుకి కట్టుకుని వచ్చేసేను."

"అత్త పోయేకైనా మావయ్యకి చెప్పలేదేం?" అన్నాను.

"అప్పటికే పెళ్ళాం పోయింది. నేను నిజం సెప్తే తల్లి కూడా పోద్ది. ఒక్క మనిసినైనా ఆయనకి ఉండనిద్దారనుకున్నాను. తిట్లేవో నేనే పడదారనుకున్నాను."

నాన్న అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

మావయ్యా, మీ అమ్మగారిని మీకు మిగల్చడానికి నాన్న ఇన్నేళ్ళు ఈ నింద మోసేరు. ఒకసారి రమ్మనండి. గుమ్మంలోకి రానివ్వండి చాలు.

కోప్పడనంటే ఒకటి అడుగుతాను. ఫ్యాక్టరీలో అంత పెద్ద బాయిలరు మీద ప్రతి వాల్వూ రోజూ తడిమి చూసేవారట కదా. ఇంట్లో ఆ కన్నం వెనక ఒక్కసారి మీరెందుకు చూడలేదు?

రాజశ్రీ


అనకాపల్లి
జనవరి నెలాఖరు

రాజశ్రీకి,

ముందు పని సంగతి. బ్రేకరు మీద చిన్న మీట ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. లైను టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చండి. ఎండాకాలం గోతిలో నీళ్ళు పొయ్యండి. సుప్రియకి నా నమస్కారం చెప్పు. నాకన్నా చాలా చిన్నది, అయినా నమస్కారమనే చెప్పు. వరహాలక్ష్మినీ ఎవరైనా అడిగి ఉంటే ఇదే మాట అనేది. నోరున్న మనిషి. అడగలేదు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందంటే నేను మెత్తబడ్డానని అనుకోకు. మా అమ్మ ఫొటో నా ఎదురుగానే ఉంది. వరహాలక్ష్మి పోయాక ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. నాకు వండి పెట్టింది. నేను ఆ వైరింగు చేసినవాణ్ణి తిడుతూ అన్నం తింటుంటే పక్కన కూర్చుని మజ్జిగ పోసింది. ఒక్క మాట అనలేదు. ఆ ఫొటో దించుతానని నువ్వు భయపడి ఉంటావు. దించను. ఆవిడకి కరెంటంటే స్విచ్చి వేస్తే వెలిగేది. గొయ్యి అంటే మనుషుల్ని పెట్టేది. తెలిసినంతలో ఆవిడ కోడల్ని కాపాడుకుందామనే చూసింది.

నాకు తల్లిని మిగల్చడానికి ఒకాయన నింద మోశాడని రాశావు. నేను మోయమన్నానా? నా ఇంట్లో నాకెవరు మిగలాలో, నాకేం తెలియాలో నిర్ణయించే పెత్తనం ఆయనకెవరిచ్చారు? నిజం చెబితే నేను అమ్మతో పోట్లాడేవాణ్ణి. ఏడాది మాట్లాడకపోయేవాణ్ణేమో. తరవాత ఇద్దరం కలిసి ఏడిచేవాళ్ళం. అది కూడా మాకు లేకుండా చేశాడు.

ఆ కన్నం వెనక నేనెందుకు చూడలేదని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. ఫ్యాక్టరీలో వాల్వులు బిగించినవాళ్ళు నాకు చుట్టాలు కారు, అందుకని తడిమి చూసేవాణ్ణి. ఇంట్లో బోర్డు బిగించినవాడు నా పెళ్ళాం తమ్ముడు. బావమరిది బిగించినదాన్ని బావ విప్పి చూస్తే ఇంటిల్లిపాదీ నన్ను అనుమానప్పక్షి అనేవాళ్ళు. నమ్మాను. నమ్మడం తప్పని నువ్వు అంటే అను, నేను అనను.

గొయ్యి వద్దన్నది మా అమ్మ. ఒప్పుకుంటాను. కానీ మూడు కన్నాల సాకెట్టు బిగించమని మా అమ్మ చెప్పలేదు. వెనక వైరు లేకుండా దాన్ని గోడకి పెట్టి, కరెంటిచ్చి, నోరు మూసుకుని సైకిలెక్కమని చెప్పలేదు. రెండు కన్నాలది పెట్టి "బావా, గొయ్యి అయ్యేదాకా ఇందులో హీటరు పెట్టకండి" అంటే సరిపోయేది. అది మా అమ్మ ఆచారానికి అడ్డం కాదు. దానికి గునపం కూడా అక్కర్లేదు.

తుప్పు గీకి, క్లాంపు పెట్టి, నట్టు బిగించాడని ఆశ్చర్యపోతూ రాశావు. ఆ చేతులకి ఆ పని ఎంత బాగా వచ్చో నువ్విప్పుడు చూశావు. నాకు మొదటినుంచీ తెలుసు. పని రానివాడైతే ఎప్పుడో క్షమించేవాణ్ణి.

ముసలివాళ్ళు చివరికి గుమ్మం తెరిచే కథలు నేనూ చదివాను, నీకన్నా ఎక్కువే చదివాను. రాసినవాళ్ళకి గుమ్మం తెరవడం సులువు. నువ్వు రా. ఎప్పుడైనా రా, బాయిలరు తిరిగి ఇవ్వక్కర్లేదు. నువ్వొక్కదానివే రా.

ఈ ఉత్తరం మీ ఇంట్లో దాచకు. దాచడం వల్ల ఏమవుతుందో మనం చూశాం. దేవరాపల్లి తీసుకెళ్ళి గట్టిగా చదివి వినిపించు. వరహాలక్ష్మి చావుకి నేను ఇవాళ్టికీ తప్పు పడుతున్నది ఒకే ఒక్క మనిషిని: మీ నాన్న, కర్రి త్రినాధరావుని.